పింఛను మాకొద్దు: ఆమిష్ రైతులు, అమెరికా సర్కారు

అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతులకూ ఫెడరల్ ప్రభుత్వానికీ 1955లో మొదలైన తగువు పూర్తిగా తెగడానికి 33 ఏళ్లు పట్టింది. పన్ను భారమైందని గానీ, కట్టే స్తోమత లేదని గానీ ఆ రైతులు అనలేదు. ఆదాయపు పన్ను, భూమి పన్ను అందరిలాగే కట్టేవారు. సొంత బడులు పెట్టుకున్న తర్వాత కూడా సర్కారు బడుల కోసం వేసే పన్ను ఎగ్గొట్టలేదు. వాళ్లు కాదన్నది సోషల్ సెక్యూరిటీని, అంటే ముసలితనంలో నెలనెలా పింఛను ఇచ్చే పథకాన్ని. ఆ పింఛను ముట్టకూడదన్నది వాళ్ల పట్టు. పుచ్చుకోని దానికి ముందుగా సొమ్ము కట్టడమూ తప్పేనన్నది దాని వెంట వచ్చిన వాదన. ప్రభుత్వ పథకాల చరిత్రలో అర్హత లేకున్నా పేరు రాయించుకున్నవాళ్లు కోకొల్లలు. అర్హత ఉండి కూడా పేరు కొట్టేయమని కోర్టుల దాకా, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు దాకా వెళ్లినవాళ్లు చాలా అరుదు.

ఈ పట్టు వెనక ఉన్న రాజ్య విముఖత అమెరికా కన్నా పాతది. 1525 జనవరిలో స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో కొందరు యువకులు పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదన్నారు. ఊహ తెలిశాక సొంత ఇష్టంతో తీసుకునేదే అసలైన బాప్తిస్మమని చెప్పి ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పైకి ఇది మతాచారం మీద పేచీలా కనిపిస్తుంది. కానీ ఆ నగరంలో మతం ఎలా నడవాలో తేల్చే అధికారం పాలక మండలిదే. ఊళ్లో పుట్టినవాడు చర్చిలోనూ పుట్టినట్టే లెక్క. బాప్తిస్మం మనిషి ఇష్టమైతే సంఘమూ ఇష్టమే అవుతుంది, అప్పుడు మండలికి అందులో చోటు ఉండదు. ఈ సంగతి మండలికి బాగానే అర్థమైంది. 1527 జనవరిలో ఫెలిక్స్ మాంజ్ అనే నాయకుణ్ణి లిమ్మత్ నదిలో ముంచి చంపించింది.

మరుసటి నెలలో ష్లైట్‌హైమ్ అనే ఊళ్లో ఈ బృందాలవాళ్లు చేరి ఏడు సూత్రాలు రాసుకున్నారు. రాజ్యం గురించి వాళ్ల ఆలోచన అక్కడే స్థిరపడింది. లోకంలో దుష్టులను అదుపు చేయడానికి పాలకుడి చేతికి దేవుడే కత్తి ఇచ్చాడు, కాబట్టి పాలకుణ్ణి కూలదోయకూడదు. అయితే క్రీస్తు మార్గంలో ఉన్నవాడికి ఆ కత్తితో పని లేదు. అతను పదవి పట్టడు, ప్రమాణం చేయడు, యుద్ధానికి వెళ్లడు. రాజ్యాన్ని రద్దు చేయాలనే అరాచకవాదులతో ఆమిష్‌లను కలపడం అందుకే పొరపాటు. రాజ్యం ఉంటే ఉండనివ్వమంటారు, దాని లోపలికి తమను లాగొద్దంటారు. శత్రువులు అనాబాప్టిస్టులని పిలిచిన ఈ జనాన్ని యూరప్‌లో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ పోటీపడి వేటాడారు. ఆ హతసాక్షుల కథలన్నీ కూర్చి 1660లో డచ్చి భాషలో అచ్చేసిన పెద్ద గ్రంథం ఇప్పటికీ చాలా ఆమిష్ ఇళ్లలో బైబిలు సరసన ఉంటుంది. పన్నుల అధికారి గుమ్మంలోకి వస్తే ఆ ఇంటివాళ్లు దాన్ని ఏ దృష్టితో చూస్తారో ఊహించడానికి ఈ సంగతి పనికొస్తుంది.

అనాబాప్టిస్టుల్లో మెన్నో సైమన్స్ అనే నాయకుడి పేరు మీద మెన్నోనైట్లు ఏర్పడ్డారు. వాళ్ల స్విస్, అల్సాస్ సంఘాల్లో క్రమశిక్షణ సడలిందని 1693లో యాకోబ్ అమ్మన్ విడిపోయాడు. సంఘం వెలివేసిన మనిషితో కలిసి తినకూడదన్నంత కచ్చితమైన నియమం ఆయనది. ఆయన వెంట నడిచినవాళ్లే ఆమిష్‌లు. 18వ శతాబ్దంలో వీళ్లు మతస్వేచ్ఛ ఉన్న పెన్సిల్వేనియాకు ఓడలెక్కారు. ఈ చెట్టుకు తెలంగాణ వైపు కూడా ఒక కొమ్మ ఉంది. మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల ప్రాంతాల్లోని మెన్నోనైట్ బ్రెదరన్ సంఘాలు రష్యా నుంచి, అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీల కృషితో ఏర్పడినవే. మూలం ఒకటే అయినా, బళ్లూ ఆసుపత్రులూ కట్టి లోకంలోకి వెళ్లిన ఆ శాఖకూ, లోకానికి ఎడంగా జరిగిన ఆమిష్‌లకూ నడవడిలో చాలా దూరం.

పింఛను వద్దన్నవాళ్ల ముసలితనం ఎలా గడిచేదో చూడకపోతే ఈ తగువు మొండితనంలాగే కనిపిస్తుంది. ఆమిష్‌లకు కేంద్ర కార్యాలయం లేదు, జీతగాడైన పాస్టరు లేడు, చాలాచోట్ల చర్చి భవనమే లేదు. పాతిక నుంచి నలభై కుటుంబాల దాకా కలిస్తే ఒక సంఘం. రెండు వారాలకోసారి ఆరాధన వంతుల వారీగా ఎవరో ఒకరి ఇంట్లోనో కొట్టంలోనో జరుగుతుంది. బోధకుణ్ణి ఎన్నుకునేటప్పుడు, సభ్యులు పేర్లు చెప్పినవాళ్ల ముందు పాటల పుస్తకాలు వరసగా పెడతారు. వాటిలో ఒకదానిలోనే బైబిలు వాక్యం రాసిన చీటీ ఉంటుంది. ఆ పుస్తకం ఎవరి చేతికొస్తే ఆ బాధ్యత వాళ్లది, అదీ బతికినంత కాలం, పైసా జీతం లేకుండా. పరిచారకుడి ఎంపికా ఇంతే. పేదల సొమ్ము చూసుకోవడం అతని పని. ఏడాదికి రెండుసార్లు ప్రభురాత్రి భోజనం జరిగినప్పుడు సభ్యులు ఇచ్చే కానుక అతని దగ్గర చేరుతుంది. ఏ వితంతువు ఇంట్లో కట్టెలు నిండుకున్నాయో, ఎవరికి డాక్టరు బిల్లు మిగిలిపోయిందో తెలుసుకుని దాన్ని ఖర్చుపెడతాడు.

ముసలివాళ్ల ఏర్పాటు ఇంటి కట్టుబడిలోనే ఉంటుంది. ఆమిష్ రైతు యాభై, అరవై ఏళ్ల వయసులో పొలం కొడుక్కో అల్లుడికో అప్పజెప్పి, అదే ఆవరణలో పెద్దింటికి ఆనించి కట్టిన చిన్న ఇంట్లోకి మారతాడు. దాన్ని తాతయ్య ఇల్లు అంటారు. కొన్ని పొలాల్లో మూడు తరాలకు మూడు ఇళ్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా కనిపిస్తాయి. తాతకు జీతం ఉండదు గానీ పని ఉంటుంది. జీను పట్టాలు బాగుచేస్తాడు, కోత రోజుల్లో బండి తోలతాడు. నానమ్మ బొంతలు కుడుతుంది. రిటైరైనవాడు నెలకోసారి పోస్టులో చెక్కు కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఈ ఏర్పాటులో రాదు.

పిడుగు పడి కొట్టం కాలిపోతే చుట్టుపక్కల సంఘాల నుంచి వందల మంది వచ్చి కొద్ది రోజుల్లోనే కొత్తది నిలబెడతారు. కలపకూ మేకులకూ అయ్యే ఖర్చు కోసం 19వ శతాబ్దంలోనే సహాయ సంఘాలు పెట్టుకున్నారు. వాటి పద్ధతి బీమా కంపెనీ పద్ధతికి తలకిందులు. కంపెనీ ముందుగా ప్రీమియం వసూలు చేసి నిధి కూడబెడుతుంది. ఇక్కడ ముందు ఎవరూ ఏమీ కట్టరు. నష్టం జరిగాక, ఎవరి ఆస్తి విలువను బట్టి వాళ్ల వంతు లెక్కగట్టి పోగుచేస్తారు. కూడబెట్టిన నిధి లేనందువల్ల దాన్ని నమ్ముకునే ప్రసక్తి లేదు, నమ్ముకోవాల్సింది పొరుగువాణ్ణే. జీవిత బీమా అయితే అసలే పనికిరాదు. మనిషి ప్రాణానికి వెల కట్టడం, రేపటిని దేవుడి చేతిలోంచి తీసి కంపెనీ చేతిలో పెట్టడం దానిలో ఉన్న తప్పులని బిషప్పులు చెప్పేవారు. ఇంటివాళ్లను పోషించనివాడి మీద పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖలో పలికిన కఠినమైన మాటలను వాళ్లు ప్రతి అర్జీలోనూ ఎత్తిచూపేవారు.

ఈ ఏర్పాటులో ప్రేమ ఎంత ఉందో పట్టు కూడా అంతే ఉంది. ముసలితనంలో సంఘమే దిక్కు అన్నవాడు వయసులో సంఘం మాట జవదాటడు. పింఛను వస్తే కొడుకు మీద తండ్రికీ, సంఘం మీద సభ్యుడికీ ఆధారం తగ్గుతుంది. బిషప్పులు ఈ మాట ఇంత విప్పి చెప్పకపోయినా, తమ పిల్లలు ఆ డబ్బుకు అలవాటు పడతారన్న భయాన్ని మాత్రం దాచుకోలేదు. వాళ్లు పన్ను కన్నా పింఛనుకే ఎక్కువ జంకడానికి కారణం ఇదే.

ప్రభుత్వ సాయంతో మొదటి గొడవలు 1930లలోనే వచ్చాయి. పంటల ధరలు కుప్పకూలినప్పుడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో తెచ్చిన వ్యవసాయ చట్టం, సాగు తగ్గించిన రైతుకు డబ్బిచ్చే పద్ధతి పెట్టింది. పండించకుండా ఉన్నందుకు కూలి పుచ్చుకోవడం ఆమిష్‌ల బుద్ధికి ఎక్కలేదు, చాలామంది ఆ చెక్కులు ముట్టలేదు. 1937లో పెన్సిల్వేనియాలోని ఈస్ట్ లాంపీటర్‌లో ఫెడరల్ నిధులతో పెద్ద బడి కట్టి, ఒంటిగది పల్లె బడులను మూసేయాలని చూసినప్పుడూ ఎదురు తిరిగారు. ఉచితంగా వచ్చే భవనాన్ని కాదంటున్నారేమిటని ఊళ్లో మిగతావాళ్లకు ఆశ్చర్యం. ఆ వివాదం తర్వాతే అక్కడివాళ్లు సొంత బడులు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

సోషల్ సెక్యూరిటీ చట్టం మీద రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేసినప్పుడు ఆమిష్‌లకు దానితో తగాదా లేదు. అప్పట్లో అది ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో జీతానికి పనిచేసేవాళ్లకే వర్తించేది, సొంత సేద్యం చేసే రైతులు దాని పరిధిలో లేరు. 1950 సవరణతో సొంత వ్యాపారం చేసుకునేవాళ్లలో చాలామందిని చేర్చారు. 1954 సవరణతో రైతులూ చేరారు. 1955 జనవరి నుంచి రైతు తన నికరాదాయంలో మొదటి 4,200 డాలర్ల మీద 3 శాతం కట్టాలి. మిగతా రైతులు దీన్ని సంతోషంగానే ఒప్పుకున్నారు. మరికొన్నాళ్లలో రిటైరయ్యేవాళ్లకైతే కట్టేది కొంచెం, వచ్చేది ఎక్కువ.

ఆమిష్ బిషప్పులు వాషింగ్టన్ వెళ్లారు, సంతకాలు చేసిన అర్జీలు ఇచ్చారు. తమ ముసలివాళ్లను తామే చూసుకుంటామనీ, పథకం అందరికీ ఉండనిచ్చి తమను మాత్రం వదిలేయమనీ అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఒకరికి మినహాయింపు ఇస్తే మరో వందమంది అడుగుతారని ఒక భయం. ఇవాళ వద్దన్నవాడు రేపు సంఘం వదిలేసి ముసలితనంలో చేయి చాస్తే ఏమిటన్నది రెండోది. కొందరు ఆమిష్‌లు గొడవెందుకని కట్టేశారు. కొందరు చేత్తో ఇవ్వలేదు గానీ, పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్ బ్యాంకు ఖాతాలోంచి లాక్కుంటే అడ్డు చెప్పలేదు. మరికొందరు ఖాతాలే మూసేశారు. అప్పుడు ఐఆర్ఎస్ పాల డెయిరీల నుంచి వాళ్లకు రావలసిన సొమ్ము మీద పడింది. అదీ కుదరని చోట పశువుల జప్తులు మొదలయ్యాయి.

పశ్చిమ పెన్సిల్వేనియాలో న్యూ విల్మింగ్టన్ దగ్గర వాలెంటైన్ బైలర్ అనే రైతు ఉండేవాడు. 1956 నుంచి 1959 దాకా నాలుగేళ్లకు ఆయన బకాయి 308 డాలర్ల 96 సెంట్లు. లాక్కోవడానికి ఆయనకు బ్యాంకు ఖాతా లేదు. 1960లో సమన్లు ఖాతరు చేయలేదని కోర్టుకు తీసుకెళ్తే జడ్జి వదిలేశాడు. 1961 ఏప్రిల్‌లో, వసంతపు దుక్కులు ముమ్మరంగా సాగుతున్న వేళ, ఐఆర్ఎస్ మనుషులు నేరుగా పొలంలోకి వచ్చారు. ఆయనకున్న ఆరు గుర్రాల్లో మూడింటిని నాగలి దగ్గరే విప్పుకుని తోలుకుపోయారు. పొలంలో ట్రాక్టరు నడపడం ఆమిష్ నియమాలకు విరుద్ధం కాబట్టి ఆ గుర్రాలు పోతే సేద్యం ఆగినట్టే. మే 1న వేలం వేస్తే 460 డాలర్లు వచ్చాయి. బకాయి తీసుకున్నారు, ఖర్చుల కింద 113 డాలర్ల 15 సెంట్లు తీసుకున్నారు, మిగిలిన 37 డాలర్ల 89 సెంట్లు బైలర్‌కు పంపారు. లెక్కలో సెంటు తేడా రాలేదు.

పత్రికలు దీన్ని దేశమంతా చాటాయి. ముసలితనంలో అన్నం పెడతామంటూ రైతు గుర్రాలు అమ్మేసిన ప్రభుత్వం మీద సంపాదకీయాలు వచ్చాయి. సంక్షేమ పథకాలంటేనే గిట్టనివాళ్లు బైలర్‌ను తమ వీరుడిగా చూపించుకోబోయారు గానీ ఆ చొక్కా ఆయనకు సరిపోలేదు. పథకాన్ని రద్దు చేయమని ఆమిష్‌లు ఏనాడూ అడగలేదు. వ్యక్తి స్వేచ్ఛ అన్న నినాదమూ వాళ్లది కాదు. టోపీ అంచు ఎంత వెడల్పుండాలో కూడా సంఘమే నిర్ణయించే జనం వాళ్లు.

ఈ తగువులో చట్టపరంగా ఆసక్తికరమైన ముడి ఒకటి ఉంది. బీమా తప్పు, పన్ను తప్పు కాదు అన్నది ఆమిష్‌ల నియమం. కాబట్టి సోషల్ సెక్యూరిటీ ఈ రెండింట్లో ఏది అన్నది తేలాలి. అది మామూలు పన్నే, ఖజానాకు వెళ్తుంది, పింఛన్లు వేరే ఖర్చు అని ప్రభుత్వం 1937లో సుప్రీంకోర్టులో వాదించి గెలిచింది. గెలిచాక జనానికి పంచిన కరపత్రాల్లో మాత్రం అది బీమా అనీ, కట్టినవాళ్ల పేరు మీద ఖాతా ఉంటుందనీ ప్రచారం చేసింది. బీమా అన్న మాట పథకం పేరులోకే ఎక్కింది. 1960లో ఫ్లెమింగ్ వర్సెస్ నెస్టర్ కేసులో, కట్టినంత మాత్రాన పింఛను మీద ఆస్తి హక్కు రాదని అదే కోర్టు తేల్చింది. ఆమిష్‌లు కోర్టు తీర్పుల జోలికి పోలేదు, ప్రభుత్వం తన పథకానికి పెట్టుకున్న పేరునే చూపించారు. మీరే బీమా అంటుంటే మేం కాదని ఎలా అనుకోవాలన్నది వాళ్ల ప్రశ్న, దానికి సూటి జవాబు రాలేదు.

ఐఆర్ఎస్ కమిషనర్ మార్టిమర్ కాప్లిన్ 1961లో బిషప్పులతో మాట్లాడాక జప్తులు ఆగాయి. అప్పుడు బైలర్ తరఫున 1962లో ఒక వ్యాజ్యం వేశారు, అందులో రాజ్యాంగం తేల్చాల్సిన ప్రశ్న ఉంది. కానీ కోర్టుకెక్కడం కూడా ఒక రకంగా కత్తి పట్టడమేనని సంఘ పెద్దలు అభ్యంతరం చెప్పారు. చెంప మీద కొట్టినవాడి మీద దావా వేయకూడదు. విచారణకు రాకముందే, 1963 మొదట్లో, వ్యాజ్యాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇక మిగిలింది కాంగ్రెసు ఒక్కటే.

పరిష్కారం వచ్చిన చోటు కొంచెం తమాషా అయినది. 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ వైద్య బీమా ఇచ్చే మెడికేర్ చట్టం మీద 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశాడు. అమెరికాలో సంక్షేమ రాజ్యం వేసిన పెద్ద అడుగుల్లో అది ఒకటి. ఆ రాజ్యం నుంచి తప్పుకునే దారి కూడా ఆ చట్టంలోనే ఒక మూల పెట్టారు. పన్నుల కోడ్‌లో 1402 (జి) అనే సెక్షన్‌గా అది ఇప్పుడు ఉంది.

మినహాయింపు షరతులు చదివితే, రాసినవాళ్లు ఆమిష్‌ల కొలతలు తీసుకుని కుట్టారని తెలిసిపోతుంది. అడిగే మనిషి గుర్తింపున్న మత శాఖలో సభ్యుడై ఉండాలి. మరణం, వైకల్యం, ముసలితనం, వైద్యం వీటిలో దేనికి డబ్బిచ్చే బీమా అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆ శాఖ బోధన ప్రకారం అంతరాత్మకు విరుద్ధమై ఉండాలి. శాఖ 1950 డిసెంబరు 31 నుంచి తెంపు లేకుండా నడుస్తూ ఉండాలి. ఆసరా లేని తన సభ్యులను చాలా కాలంగా పోషిస్తూ వచ్చినట్టు ప్రభుత్వానికి నమ్మకం కలగాలి. చివరిగా ఆ మనిషి తనకు రాగల ప్రయోజనాలన్నీ వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఇందుకు వాడే 4029 నంబరు ఫారం మీద సంఘం తరఫు ప్రతినిధి కూడా ధ్రువీకరించాలి. మినహాయింపు 1951 నుంచి వర్తించేలా రాశారు కాబట్టి పాత బకాయిల గొడవా తీరింది. సంఘం వదిలేసిన రోజున మినహాయింపు పోతుంది.

షరతులను జాగ్రత్తగా చూస్తే రాజ్యం ఏం ఒప్పుకుంది, ఏం ఒప్పుకోలేదు అన్నది తెలుస్తుంది. సాయం వద్దనే హక్కు మనిషికి ఇవ్వలేదు. తన పని చేయగల ఇంకో సంస్థ ఉందని రుజువైన చోట మాత్రం పక్కకు తప్పుకుంది. ఒంటరిగా, తన మనస్సాక్షి మాత్రమే ఆధారంగా వద్దన్నవాడికి ఈ తలుపు తెరుచుకోదు. 1950 తర్వాత పుట్టిన శాఖకూ తెరుచుకోదు. ఇది ఒక మతానికి పక్షపాతం కాదా అని పలువురు కోర్టులకు వెళ్లారు. 1995లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఏ శాఖలోనూ సభ్యుడు కాకుండా మత కారణంతో వద్దన్న మనిషి కేసును కొట్టేసింది. సంఘం వెనక లేనివాడు చివరికి ప్రభుత్వం మీదే పడతాడన్న భయం న్యాయమైనదేనని ఆ తీర్పు సారాంశం.

1965 చట్టంలో ఒక లోటు మిగిలింది. అది సొంతంగా సంపాదించుకునేవాళ్లకే పనికొచ్చింది. ఒక ఆమిష్ యజమాని ఇంకో ఆమిష్‌ను కూలికి పెట్టుకుంటే ఇద్దరూ కట్టాల్సిందే. పెన్సిల్వేనియాలో రైతు, వడ్రంగి అయిన ఎడ్విన్ లీ 1970 నుంచి 1977 దాకా తన దగ్గర పనిచేసిన ఆమిష్‌ల జీతంలోంచి ఈ సొమ్ము మినహాయించలేదు, యజమాని వాటా కట్టలేదు. ఐఆర్ఎస్ 27,000 డాలర్లకు పైగా బకాయి చూపింది. 1973లో ఒక త్రైమాసికానికి 91 డాలర్లు మాత్రం కట్టి, దాన్ని తిరిగివ్వమని లీ దావా వేశాడు. కోర్టుకెక్కకూడదన్న పాత నియమం ఈసారి అంత గట్టిగా నిలవలేదు. జిల్లా కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది.

1982 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా తిరగేసింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసిన తీర్పు ప్రకారం, ఈ డబ్బు కట్టడం ఆమిష్‌ల విశ్వాసానికి దెబ్బేనన్నది నిజం. అయినా దేశమంతటికీ ఒకటిగా నడిచే పథకం, ఒక్కొక్కరి నమ్మకాన్ని బట్టి తలుపు తీస్తూ మూస్తూ ఉండలేదు. తన ఇష్టంతో వ్యాపారంలోకి దిగినవాడు తన మనస్సాక్షి హద్దులను అందరికీ వర్తించే చట్టం మీద రుద్దకూడదు. జస్టిస్ స్టీవెన్స్ ఫలితంతో ఏకీభవిస్తూనే విడిగా రాసిన అభిప్రాయం ఇంకా లోతైనది. ఆమిష్‌లు కట్టని పన్ను కన్నా వాళ్లు వదులుకునే పింఛను ఎక్కువ కాబట్టి ప్రభుత్వానికి ఇందులో నష్టం లేదని ఆయన లెక్క చెప్పాడు. ఒకరికిచ్చాక మిగతావాళ్ల అర్జీలను ఎలా తూచాలన్నదే ఆయనకు అడ్డమొచ్చింది. కోర్టు కాదన్నదాన్ని కాంగ్రెసు 1988లో ఇచ్చింది. యజమాని, పనివాడు ఇద్దరూ మినహాయింపు పొందిన శాఖల సభ్యులైతే ఇద్దరికీ సోషల్ సెక్యూరిటీ లేదు. అక్కడితో 1955 తగువు తెగింది.

ఆ తర్వాత కష్టం పింఛను వైపు నుంచి కాక ఆసుపత్రి బిల్లుల వైపు నుంచి వచ్చింది. కొట్టం కట్టడానికి వంద చేతులు చాలు. గుండె ఆపరేషనుకు లక్షల డాలర్లు కావాలి. కొన్నిచోట్ల ఆసుపత్రి బిల్లుల కోసం వేరే సహాయ నిధులు పెట్టుకున్నారు. సంఘం ప్రతినిధులు ఆసుపత్రులతో బేరమాడి, వెంటనే నగదు చెల్లిస్తామన్న మాట మీద తగ్గింపు తెచ్చుకుంటారు. బొంతలు, గుర్రపు బళ్లు, బల్లలు వేలానికి పెట్టి డబ్బు పోగుచేస్తారు. కొద్దిమంది వలసదారుల వారసులే తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ రావడంతో కొన్ని అరుదైన జన్యు రోగాలు వీళ్లలో ఎక్కువ. వాటి కోసం హోమ్స్ మోర్టన్ అనే పిల్లల వైద్యుడు 1989లో లాంకాస్టర్ కౌంటీలోని స్ట్రాస్‌బర్గ్‌లో క్లినిక్ మొదలుపెట్టాడు. దాని కలప భవనాన్ని ఆమిష్‌లు, మెన్నోనైట్లు కొట్టం లేపినట్టే చేతులు కలిపి నిలబెట్టారు. ఖర్చులో కొంత ఇప్పటికీ ఏటా జరిగే వేలంపాటల నుంచి వస్తుంది. 2010లో అందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి చేసిన చట్టం వచ్చినప్పుడు కొత్త తగువు లేవలేదు. 1402 (జి) కింద ఉన్నవాళ్లకు ఇది వర్తించదని ఆ చట్టంలోనే రాసేశారు. అయితే ఆచరణలో అన్ని సంఘాలదీ ఒకే తీరు కాదు. కొన్ని చోట్ల బిడ్డ జబ్బు ఖరీదైనదైతే ప్రభుత్వ వైద్య సాయం తీసుకున్నా చూసీచూడనట్టు ఊరుకుంటారు.

ఆమిష్‌ల సంఖ్య సుమారు ఇరవై ఏళ్లకోసారి రెట్టింపవుతూ 2024 నాటికి దాదాపు 4 లక్షలకు చేరింది. భూమి అలా పెరగదు. అందుకే చాలామంది సేద్యం వదిలి వడ్రంగం, ఇళ్ల నిర్మాణం, చిన్న కార్ఖానాల వైపు మళ్లారు. ఆమిష్ యజమాని దగ్గర పనిచేసినంత కాలం 1988 సవరణ కాపాడుతుంది. ఉత్తర ఇండియానాలో చక్రాల ఇళ్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఆమిష్ కార్మికులు వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడి యజమానులు ఆమిష్‌లు కారు. అందువల్ల ప్రతి జీతంలోంచీ సోషల్ సెక్యూరిటీ సొమ్ము పోతూనే ఉంటుంది. అలా కట్టినవాళ్లలోనూ చాలామంది వయసొచ్చాక పింఛనుకు అర్జీ పెట్టరు.

ఈ ఏర్పాటులో అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించేది బయటికి వెళ్లిపోయినవాళ్లు. ఆమిష్ ఇళ్లలో పుట్టినవాళ్లలో దాదాపు 85 శాతం మంది బాప్తిస్మం తీసుకుని సంఘంలోనే ఉంటారు. మిగతావాళ్లు వెళ్లిపోతారు, కొందరు నడివయసులో కూడా. మినహాయింపు కింద గడిచిన ఏళ్లు సోషల్ సెక్యూరిటీ లెక్కలోకి రావు. నలభై ఐదేళ్ల వయసులో సంఘం విడిచిన వడ్రంగికి పాతికేళ్ల కష్టం వెనక ఉన్నా ఆ ఖాతాలో సున్నా ఉంటుంది. పింఛనుకు 40 త్రైమాసికాల చందా, అంటే పదేళ్ల సంపాదన, అక్కడి నుంచి కొత్తగా పోగుచేసుకోవాలి. మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చుల భాగం ప్రీమియం లేకుండా రావాలన్నా లెక్క అదే. మొదటి ఏళ్లలోనే వైకల్యం వచ్చి పని చేయలేకపోతే వైకల్య భత్యమూ రాదు. ఆమిష్ నియమం ప్రకారం, బాప్తిస్మం తీసుకుని వెళ్లిపోయినందుకు వెలి పడినవాడు పరిచారకుడి దగ్గరున్న పేదల నిధిని అడగడానికి కూడా వీలుండదు.